ఎర్ర త్రికోణం వచ్చినప్పుడల్లా: మా ఆఫీసు బ్రౌజర్లలో భద్రతా హెచ్చరికలను సరిచేసిన నా అనుభవం

తెనాలిలో ఒక చిన్న టాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసులో నేను పని చేస్తాను. లెక్కలు రాయడమే నా ఉద్యోగమైనా కంప్యూటర్ల సంగతి కొంత తెలిసినవాడిని కావడం వల్ల, ప్రింటరు మొరాయించినా, నెట్ ఆగినా, డిజిటల్ సంతకం టోకెన్‌ను సిస్టమ్ గుర్తించకపోయినా నన్నే పిలుస్తారు. నెలలో 11వ తేదీన జీఎస్‌టీఆర్-1, 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్నుల గడువులు ముంచుకొస్తాయి కనుక, ఆ రోజుల్లో తెర మీద ఎర్ర త్రికోణంతో ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అనే పేజీ ప్రత్యక్షమైతే దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ‘అడ్వాన్స్‌డ్’ నొక్కడం, కింద కనిపించే ‘ప్రొసీడ్’ మీద నొక్కి ముందుకు సాగిపోవడం మా వాళ్లందరికీ చేతికి అలవాటైపోయింది. చివరకు మా సొంత వెబ్‌సైటు తెరిచినా అదే పేజీ వస్తోందని ఖాతాదారులు ఫోన్లు చేయడం మొదలుపెట్టాక, మా ఆడిటర్ గారు నన్ను పిలిచి, “లోపం మన సిస్టమ్‌లదో, అవతలి సైట్లదో ముందు తేల్చవయ్యా, తరువాత బాగుచేద్దువుగాని” అన్నారు.

ఆ మాట ప్రకారమే పని మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో ఈ సమస్యకు దొరికే సలహాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) తుడవండి, యాంటీవైరస్ ఆపండి, తేదీ మార్చండి, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేయండి. వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పనిచేస్తుంది కానీ, అసలు కారణం ఏమిటో తెలియకుండా అన్నీ వరసగా చేసుకుంటూ పోవడం నాకు నచ్చలేదు. హెచ్చరిక పేజీలోనే, చిన్న అక్షరాలలో, కారణం రాసి ఉంటుంది. క్రోమ్‌లో ‘సెర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అని ఉంటే సర్టిఫికెట్ (సైటు తానెవరో చూపే గుర్తింపు పత్రం) గడువుకూ మన గడియారానికీ పొత్తు కుదరలేదని అర్థం. ‘సెర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్’ అని ఉంటే ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసిన సంస్థను మన బ్రౌజర్ ఎరగదని అర్థం. ‘సెర్ట్ కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అని ఉంటే సర్టిఫికెట్ వేరొక పేరు మీద జారీ అయిందని అర్థం. అందుకే ఎవరు పిలిచినా ముందు ఆ వరుసను ఫోటో తీసి పంపమని అడగడం మొదలుపెట్టాను. రెండో పనిగా, అడ్రసు పక్కనున్న గుర్తు మీద నొక్కి సర్టిఫికెట్ తెరిచి, ఎవరి పేరున ఇచ్చారో, ఎవరు ఇచ్చారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో చూసేవాడిని. ఈ మూడూ చూస్తే సగం పని అయిపోయినట్లే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అడ్రసు పక్కన ‘నాట్ సెక్యూర్’ అనే మాట మాత్రమే కనిపించి పేజీ మామూలుగా తెరుచుకుంటే, ఆ సైటు సమాచారాన్ని దాచకుండా పంపే పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో నడుస్తోందని అర్థం. 2018 జూలైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి అలాంటి సైట్లన్నిటికీ ఆ ముద్ర పడుతోంది. పేజీ మొత్తాన్ని అడ్డుకుంటూ త్రికోణం వచ్చేది మాత్రం, రాకపోకలను గుప్తంగా ఉంచే హెచ్‌టీటీపీఎస్ ఉండి కూడా సర్టిఫికెట్ పరీక్షలో నెగ్గనప్పుడు. మా వాళ్లు రెండింటినీ ఒకటిగానే చెప్పేవారు. అలాగే తాళం గుర్తు ఉంటే మంచి సైటు అనే నమ్మకం కూడా మా ఆఫీసులో గట్టిగా ఉండేది. నకిలీ బ్యాంకు పేజీ పెట్టిన మోసగాడికి కూడా తన డొమైన్ పేరు మీద సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. ఆ అపోహ వల్లనే క్రోమ్ 2023లో తాళం గుర్తును తీసివేసి వేరే గుర్తు పెట్టింది.

రిసెప్షన్‌లోని సిస్టమ్‌లో ఏ సైటు తెరిచినా తేదీ కోడే వచ్చేది. అన్ని సైట్లూ ఒకేసారి చెడిపోవు కనుక అనుమానం గడియారం మీదికి పోయింది. చూస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంది. సరిచేస్తే ఆ రోజంతా బాగానే నడిచి, మర్నాడు ఉదయం మళ్లీ మొదటికే వచ్చేది. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు మా అటెండరు గోడ మీది మెయిన్ స్విచ్చి కట్టేసి వెళతాడు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించవలసిన మదర్‌బోర్డు మీది సెల్లు అప్పటికే అయిపోయింది. సీఆర్ 2032 అనే ఆ 3 వోల్టుల బిళ్ల సెల్లు వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. మార్చి తేదీ పెట్టాక మళ్లీ ఆ సిస్టమ్ నుంచి ఫిర్యాదు రాలేదు. గడియారాన్ని విండోస్ తనంతట తానే నెట్ నుంచి సరిచేసుకోవాలి కదా అని ఆడిటర్ గారు అడిగారు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో విడిగా వాడే సిస్టమ్‌లలో, తేడా 15 గంటలు దాటితే విండోస్ సమయ సేవ మామూలు అమరికలో దిద్దుబాటును తిరస్కరిస్తుంది. ఏళ్ల తేడాను అది ముట్టుకోదు. అంత పెద్ద తేడాను మొదట చేత్తోనే దిద్దాలి.

లోపలి గదిలో పాత ప్రింటరు కోసం అట్టిపెట్టుకున్న విండోస్ 7 సిస్టమ్ సంగతి వేరు. అక్కడ తేదీ సరిగ్గానే ఉంది, కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుంటున్నాయి, కొన్నింటికి మాత్రం అథారిటీ కోడు వస్తోంది. రానివాటిని వేరే సిస్టమ్‌లో తెరిచి సర్టిఫికెట్లు చూస్తే అన్నీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చినవే. మా ఆఫీసులో అందరం డీఎస్‌సీలు (డిజిటల్ సంతకం సర్టిఫికెట్లు) వాడేవాళ్లమే కనుక ఇది చెప్పడం సులువైంది: మన డీఎస్‌సీ మీద దాన్ని ఇచ్చిన సంస్థ సంతకం ఉంటుంది, ఆ సంస్థ మీద సీసీఏ (ఇలాంటి సంస్థలను నియంత్రించే ప్రభుత్వ కార్యాలయం) వారి మూల సర్టిఫికెట్ సంతకం ఉంటుంది, వెబ్‌సైట్లకూ అదే వరుస. మూలంలో ఉన్న రూట్ సర్టిఫికెట్ మన సిస్టమ్‌లో ముందే ఉండాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ తొలినాళ్లలో డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ మీద ఆధారపడింది. అది 2021 సెప్టెంబరు 30తో కాలం చెల్లింది. ఆ తరువాత దాని సొంత రూట్ అయిన ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 తెలిసిన సిస్టమ్‌లే ఆ సైట్లను నమ్మాయి. మా విండోస్ 7 సిస్టమ్‌లో అప్‌డేట్లన్నీ ఎవరో ఎప్పుడో ఆపేశారు, అందులోని క్రోమ్ కూడా 105 కంటే ముందుది. అప్పటి క్రోమ్ విండోస్ ఇచ్చే రూట్ల జాబితానే నమ్ముకునేది. 2022లో 105వ వెర్షన్‌తో మొదలుపెట్టి సొంత జాబితాకు మారింది, అయినా విండోస్‌లో విడిగా చేర్చిన రూట్లను మాత్రం నమ్ముతుంది. ఫైర్‌ఫాక్స్‌కు మొదటి నుంచీ సొంత జాబితా ఉంది.

కొత్త రూట్ సర్టిఫికెట్‌ను చేత్తో దించి ఎక్కించవచ్చు, కానీ ఆ పనికి నేను పూనుకోలేదు. రూట్‌ను నమ్మడమంటే అది సంతకం చేసే ప్రతి సైటునూ నమ్మడమే. అధికారిక జాబితాలో ఉన్న సంస్థల నుంచి కూడా తప్పుడు సర్టిఫికెట్లు వెలువడిన సందర్భాలు ఉన్నాయి. 2014 జూలైలో మన దేశపు ఎన్ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ) వారి మధ్యస్థ సర్టిఫికెట్ల (రూట్‌కూ సైటు సర్టిఫికెట్‌కూ మధ్య ఉండేవి) కింద గూగుల్ డొమైన్ల పేరు మీద అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్లు బయటపడింది. సీసీఏ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండడం వల్ల విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వంటి ప్రోగ్రాములు వాటిని నమ్మే స్థితి ఏర్పడింది, తన జాబితాలో ఆ రూట్ లేని ఫైర్‌ఫాక్స్‌కు ఆ ప్రమాదం తగలలేదు. సీసీఏ ఆ మధ్యస్థ సర్టిఫికెట్లను వెంటనే రద్దు చేసింది, గూగుల్ కూడా సీసీఏ రూట్ చెల్లుబాటును క్రోమ్‌లో జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్ వంటి కొద్ది డొమైన్లకే కుదించింది. ఇంత జరిగిన చోట, ఎక్కడో దించుకున్న ఫైలును ఆఫీసు సిస్టమ్‌లో రూట్‌గా ఎక్కించడం నాకు సబబనిపించలేదు. విండోస్ 7 మీద నడిచే చివరి వరుస అయిన ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేస్తే సైట్లన్నీ తెరుచుకున్నాయి. అయినా అది తాత్కాలికమే. మా ఆడిటర్ గారిని ఒప్పించి ఆ సిస్టమ్‌ను నెట్ నుంచి తప్పించి ప్రింటుకే పరిమితం చేశాము.

సీనియర్ అకౌంటెంట్ గారి సిస్టమ్‌లో క్రోమ్ బాగానే ఉండి ఫైర్‌ఫాక్స్ మాత్రం ప్రతి సైటుకూ జారీ చేసినవారు తెలియరనేది. సర్టిఫికెట్ తెరిచి చూస్తే, బ్యాంకు సైటుకు కూడా జారీదారు స్థానంలో యాంటీవైరస్ కంపెనీ పేరే కనిపించింది. కొన్ని యాంటీవైరస్‌లు హెచ్‌టీటీపీఎస్ రాకపోకలను మధ్యలో విప్పి చూసి, తమ సర్టిఫికెట్‌తో మళ్లీ కట్టి పంపుతాయి. విండోస్ జాబితాలో తమ రూట్‌ను పెడతాయి కనుక క్రోమ్‌కు అభ్యంతరం ఉండదు, ఫైర్‌ఫాక్స్ జాబితాలోకి అది ఎక్కకపోతే మాత్రం ఇలా అవుతుంది. యాంటీవైరస్ సెట్టింగులలో ఆ ఒక్క తనిఖీని ఆపేస్తే సరిపోయింది. యాంటీవైరస్‌ను మొత్తంగా తీసేయనక్కర లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది సంతకం చేసే ప్రోగ్రాము. డీఎస్‌సీ టోకెన్‌తో రిటర్ను మీద సంతకం పెట్టాలంటే, సిస్టమ్‌లో ఒక చిన్న ప్రోగ్రాము నడుస్తూ ఉండాలి. పోర్టల్ పేజీ ఆ ప్రోగ్రాముతో 127.0.0.1 అనే చిరునామాలో మాట్లాడుతుంది. ఆ చిరునామా అంటే ఈ సిస్టమే. మాట బయటికి పోదు. అలాంటి చిరునామాకు ఏ గుర్తింపు పొందిన సంస్థా సర్టిఫికెట్ ఇవ్వదు కనుక ప్రోగ్రాము తన మీద తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌ను వాడుతుంది, బ్రౌజర్ దాన్ని చూసి హెచ్చరిస్తుంది, సూచనల పత్రంలోనేమో ‘అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ అనండి’ అని ఉంటుంది. సాంకేతికంగా అందులో తప్పు లేదు. కానీ మా వాళ్లకు ప్రొసీడ్ నేర్పింది ఈ పత్రమే అని నా గట్టి అభిప్రాయం. నెలనెలా అధికారికంగా నొక్కించే మీటను బ్యాంకు సైటు దగ్గర నొక్కవద్దంటే ఎవరు వింటారు?

ఆ సర్టిఫికెట్‌ను విండోస్ రూట్ జాబితాలో చేర్చేస్తే హెచ్చరికే ఉండదని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చేర్చే ముందు రెండు వేర్వేరు సిస్టమ్‌లలో దాని వేలిముద్రను, అంటే ఫింగర్‌ప్రింట్ అనే ఆ పొడవాటి అంకెల వరుసను, పోల్చి చూశాను. రెండు చోట్లా ఒకటే. అంటే ఆ ప్రోగ్రాము వేసుకున్న అందరి దగ్గరా ఒకే సర్టిఫికెట్, దాని వెనుక ఒకే రహస్య కీ ఉన్నాయన్న మాట. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రాము వల్ల పెద్ద దుమారం రేగింది సరిగ్గా ఇందుకే: రూట్‌గా ఎక్కించిన సర్టిఫికెట్ కీ అన్ని మెషీన్లలోనూ ఒకటే కావడంతో, ఆ కీ చేజిక్కినవాడు ఏ సైటు పేరునైనా సర్టిఫికెట్ తయారుచేయగలిగే వీలు ఏర్పడింది. అందుచేత రూట్ జాబితా జోలికి పోలేదు. సంతకాల పనికి మాత్రమే ఫైర్‌ఫాక్స్‌ను కేటాయించి, అందులో 127.0.0.1 ఒక్కదానికే శాశ్వత మినహాయింపు ఇచ్చాను. క్రోమ్‌లో ఇచ్చిన అనుమతి కొన్నాళ్లకు చెల్లిపోయి మళ్లీ అడుగుతుంది, ఫైర్‌ఫాక్స్‌లో నిలిచి ఉంటుంది. మిగతా పనులన్నీ క్రోమ్‌లోనే కనుక, క్రోమ్‌లో త్రికోణం వస్తే నొక్కకుండా నన్ను పిలవాలి అనే ఒకే నియమం పెట్టడం వీలైంది.

ఇక మా వెబ్‌సైటు. అద్దె సర్వర్ మీద, పేజీలను అందించే ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రోగ్రాముతో, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌తో నడిచే సాదాసీదా సైటు అది. దాన్ని అమర్చిన కుర్రవాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఖాతాదారులకు కనిపిస్తున్నది తేదీ కోడు. సర్వర్‌లోకి వెళ్లి, సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామును అడిగితే సర్టిఫికెట్‌కు ఇంకా చాలా గడువు ఉందని చెప్పింది, బ్రౌజరేమో గడువు ముగిసిందని అంటోంది. రెండూ నిజమే. ఆ సర్టిఫికెట్లు 90 రోజులకే జారీ అవుతాయి, గడువు దగ్గర పడగానే సర్ట్‌బాట్ తనంతట తానే కొత్తది తెచ్చి డిస్కు మీద పెడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ మాత్రం తాను మొదలైనప్పుడో, మళ్లీ లోడు చేసినప్పుడో చదివిన పాత సర్టిఫికెట్‌నే అందిస్తూ ఉంటుంది. సర్ట్‌బాట్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ ప్లగిన్‌తో వాడి ఉంటే రీలోడు దానంతట అదే జరిగేది. మా కుర్రవాడు సర్టిఫికెట్ తెచ్చే పద్ధతి మాత్రమే పెట్టి రీలోడు సంగతి విడిచిపెట్టాడు. రీలోడు చేయగానే హెచ్చరిక పోయింది. కొత్త సర్టిఫికెట్ వచ్చిన ప్రతిసారీ రీలోడు జరిగేలా డిప్లాయ్ హుక్ రాసి, ‘రెన్యూ డ్రై రన్’ ఆజ్ఞతో ఉత్తుత్తి పునరుద్ధరణ కూడా చేసి చూశాను.

హెచ్చరిక పోయిందని చెప్పిన కొద్దిసేపటికే ఒక ఖాతాదారు నుంచి ఇంకా వస్తోందని ఫోను. ఆయన పంపిన ఫోటోలో ఉన్నది ఈసారి పేరు కోడు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని పేరుకే సర్టిఫికెట్ తీసుకున్నారు, ఆయన విజిటింగ్ కార్డు చూసి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ చేర్చి కొడుతున్నారు. రెండు పేర్లనూ కలిపి సర్టిఫికెట్ మళ్లీ తీసుకున్నాను.

బ్రౌజర్లన్నీ సరేనన్నాక కూడా ఒకటి మిగిలింది. మా సైటు నుంచి గడువు తేదీల పట్టిక తీసుకుని ఖాతాదారులకు సందేశాలు పంపే పైథాన్ స్క్రిప్టు ఒకటి ఉంది; అది జారీదారు సర్టిఫికెట్ దొరకలేదని ఆగిపోతోంది. సర్టిఫికెట్లను పరీక్షించే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే పనిముట్టుతో సర్వర్‌ను పలకరిస్తే సైటు సర్టిఫికెట్ ఒక్కటే వచ్చింది, దానికీ రూట్‌కూ మధ్య ఉండవలసిన మధ్యస్థ సర్టిఫికెట్ రాలేదు. అమరికలో ‘ఫుల్‌చెయిన్’ ఫైలుకు బదులు ‘సెర్ట్’ ఫైలు దారి ఇచ్చారు. మధ్యస్థ సర్టిఫికెట్ లేకపోతే క్రోమ్ తానే వెళ్లి తెచ్చుకుంటుంది, ఫైర్‌ఫాక్స్ అలాంటివాటిని ముందే దగ్గర పెట్టుకుంటుంది, పైథాన్ మాత్రం ఇచ్చినదే చూస్తుంది. తన సైటును తన బ్రౌజర్‌లో మాత్రమే పరీక్షించుకునేవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు. ఎస్ఎస్ఎల్ ల్యాబ్స్ అనే ఆన్‌లైన్ పరీక్షలో పెడితే ‘చెయిన్ ఇన్‌కంప్లీట్’ అని ఒక్క వరుసలో చెప్పేస్తుంది.

పాన్, ఆధార్ నకళ్లు పంపే ఫారం దగ్గర బయటపడినది వీటన్నిటి కంటే తీవ్రమైనది. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరుచుకునేది, కానీ ఫారం వెళ్లే చిరునామా పాత హెచ్‌టీటీపీగానే ఉండిపోయింది. అంటే ఖాతాదారులు పంపిన కాగితాలు దారిలో ఎవరైనా చదవగలిగేలా బట్టబయలుగా వచ్చాయి. క్రోమ్ 2020లో వచ్చిన 86వ వెర్షన్ నుంచి ఇలాంటి ఫారం పంపబోతే ఆపి అడుగుతుంది. ఖాతాదారులలో కొందరు ఆ ఆపడాన్ని చూసి మానుకుని వాట్సాప్‌లో పంపారు, మిగిలినవారు ‘సెండ్ ఎనీవే’ నొక్కారు. చిరునామాను సరిచేసి, పేజీలలో హెచ్‌టీటీపీతో మొదలయ్యే బొమ్మల లంకెలన్నీ మార్చి, హెచ్‌టీటీపీలో వచ్చినవారిని హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించాను. ఇకపై హెచ్‌టీటీపీఎస్ తప్ప వద్దని బ్రౌజర్‌కు చెప్పే హెచ్ఎస్‌టీఎస్‌ను మాత్రం మొదట 300 సెకన్లకే పెట్టాను. దాన్ని ఒకసారి అందుకున్న బ్రౌజర్, ఆ గడువు తీరేదాకా సర్టిఫికెట్‌లో ఏ లోపం వచ్చినా ప్రొసీడ్ మీట ఇవ్వదు. అంతా కుదురుగా ఉందని తేలాకే ఏడాదికి పెంచాను.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు గుర్తుచేస్తూ పంపే ఈమెయిళ్లను 2025 జూన్‌లో ఆపేసింది. సైటు వాస్తవంగా అందిస్తున్న సర్టిఫికెట్ గడువును బయటి నుంచి చూసి, 15 రోజుల కంటే తక్కువ ఉంటే నాకు సందేశం పంపే చిన్న స్క్రిప్టును అందుకే పెట్టుకున్నాను. డిస్కు మీది ఫైలును చూస్తే చాలదని ముందే తెలిసింది కదా. బహిరంగ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది కనుక, ఏడాదికోసారి డబ్బు కట్టి చేత్తో మార్చుకునే పద్ధతి ఇంకెవరికీ సాగదు.

అవతలివారి లోపమని తేలినవాటికి మన దగ్గర మందు లేదు. ఒక ప్రభుత్వ శాఖ ఉపసైటు సర్టిఫికెట్ గడువు ముగిసి అలాగే ఉండిపోయినప్పుడు, మా గడియారం సరైనదేనని చూసుకుని, వారి హెల్ప్‌డెస్కుకు స్క్రీన్‌షాటు పంపి ఆగాము; అందులో పాస్‌వర్డు కొట్టవలసి ఉంది కనుక ప్రొసీడ్ అననివ్వలేదు. ఆ రోజు ఆడిటర్ గారికి కాస్త చిరాకు కలిగిన మాట వాస్తవం.

మా రౌటర్ సెట్టింగుల పేజీ, 192.168.1.1, ఇప్పటికీ ‘నాట్ సెక్యూర్’ అనే చూపిస్తుంది. లోపలి నెట్‌వర్కు చిరునామాలకు బహిరంగ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు, సొంత రూట్ తయారుచేసి ప్రతి సిస్టమ్‌లో ఎక్కించేంత అవసరం మా ఆఫీసుకు లేదు. పాస్‌వర్డు మార్చవలసి వచ్చినప్పుడు వైఫై కట్టేసి, కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి ఆ పేజీ తెరుస్తున్నాను.